ఊపిరికి వెల కట్టిన నవల: పాఠకులు ఎందుకు ఏకాభిప్రాయానికి రాలేకపోతున్నారు

పుట్టిన ప్రతి మనిషికీ ఒక ఊపిరి ఉంటుంది. దాన్ని బలవంతంగా ఎవరూ లాక్కోలేరు. కానీ ఇష్టపడి ఇవ్వవచ్చు, డబ్బు తీసుకుని అమ్ముకోవచ్చు. అమ్ముకున్నవాడు చనిపోడు. తింటాడు, తిరుగుతాడు, పని చేసుకుంటాడు. అయితే అతని కంటికి రంగులు వెలిసిపోతాయి, జబ్బులు తొందరగా పట్టుకుంటాయి, ముసురు పట్టిన ఆకాశంలా మనసు మబ్బుగా ఉండిపోతుంది. కొనుక్కున్నవాడి దగ్గర మాత్రం ఊపిరులు పోగుపడుతుంటాయి. అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ నవల ‘వార్‌బ్రేకర్’ ఈ ఒక్క ఊహ మీద నిలబడింది. 2009లో అచ్చయింది. రాస్తున్న దశలోనే చిత్తుప్రతులను రచయిత తన వెబ్‌సైటులో ఉచితంగా పెట్టడం వల్ల, విదేశీ పుస్తకం కొనే స్తోమత లేని విద్యార్థులకు కూడా అందుబాటులోకి వచ్చిన కొద్దిపాటి ఫ్యాంటసీ నవలల్లో ఇది ఒకటి.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంజనీరింగ్ చదువుతూ ఫోను తెరమీద ఇంగ్లీషు నవలలు చదివే కుర్రవాళ్లకు శాండర్సన్ కొత్త పేరేమీ కాదు. ఈ నవల దగ్గరకు వచ్చేసరికి మాత్రం పాఠకుల అభిప్రాయాలు ఎక్కడికక్కడ చీలిపోతాయి. ఇంత పకడ్బందీగా మాయను కట్టిన పుస్తకం మరొకటి లేదంటారు కొందరు. మాయను ఇంత లెక్కగా చెప్తే ఇక మాయ ఎందుకంటారు ఇంకొందరు. సగం దాకా కథ కదలదనేది ఒక ఫిర్యాదు, చివర్లో మరీ పరుగెత్తిందనేది ఇంకొకటి. ఈ రెండు ఫిర్యాదులూ తరచుగా ఒకే మనిషి నోటి నుంచి వస్తాయి. వీటిని ఎవరి రుచి వారిదని సర్దిచెప్పి వదిలేస్తే నవలకూ న్యాయం జరగదు, పాఠకులకూ జరగదు. ఈ మెప్పుకూ విసుగుకూ మూలం ఒకే చోట ఉంది. అదెక్కడో చూడాలంటే ముందుగా ఆ మాయ ఎలా పనిచేస్తుందో కొంత వివరంగా తెలియాలి.

హాలండ్రెన్ అనే రాజ్యంలో ఊపిరులు పోగేసుకున్నవాళ్లు వాటిని వస్తువుల్లోకి పంపి కదిలించగలరు. ఒక తాడు పాములా సాగి చేతికి చుట్టుకుంటుంది. గడ్డిబొమ్మ లేచి నడిచి తాళం చెవి తెచ్చిపెడుతుంది. దీన్ని మేల్కొలుపు అంటారు. మేల్కొల్పడానికి మూడు కావాలి: తగినన్ని ఊపిరులు, స్పష్టంగా పలికిన ఒక ఆజ్ఞ, పక్కన ఏదో ఒక రంగు. పని జరిగిన మరుక్షణం ఆ రంగు పీల్చుకుపోయి, అది అద్దిన బట్ట బూడిదరంగుకు తిరుగుతుంది. ఒకప్పుడు ప్రాణం ఉన్న పదార్థం, అంటే నూలు, గడ్డి, కొయ్య లాంటివి, తక్కువ ఊపిరులతోనే లేస్తాయి. మనిషి ఆకారంలో ఉంటే ఇంకా తేలిక. రాయి, ఉక్కు మొండికేస్తాయి. వస్తువులోకి పంపిన ఊపిరిని పని అయ్యాక వెనక్కి తీసుకోవచ్చు. శవాన్ని లేపితే మాత్రం పెట్టిన ఊపిరి తిరిగి రాదు.

ఊపిరుల సంఖ్య పెరిగేకొద్దీ మనిషి కూడా మారతాడు. యాభై ఉంటే మొదటి మెట్టు, రెండు వందలు ఉంటే రెండవది. ఆ రెండవ మెట్టు మీద శ్రుతి తప్పితే వెంటనే పసిగట్టే చెవి వస్తుంది. ఆరు వందలు దాటితే రంగుల్లో అతి సూక్ష్మమైన తేడాలు తెలుస్తాయి. రెండు వేలకు ముసలితనం ఆగిపోతుంది. అలా పెరుగుతూ పదవ మెట్టుకు యాభై వేలు. ఆ స్థాయిలో ఉన్నవాడు ఆ దేశంలో ఒక్కడే, దేవరాజు.

విసుగు మొదలయ్యేది సరిగ్గా ఈ మెట్ల దగ్గరే. బ్యాంకు పాసుపుస్తకంలా ఇన్ని ఉన్నాయి, ఇన్ని ఖర్చయ్యాయి, ఇన్ని మిగిలాయి అని చదువుతుంటే అద్భుతం అనే మాటకు చోటెక్కడ అని అడిగే పాఠకుడిని తప్పుపట్టలేం. మన అలంకారశాస్త్రం అద్భుత రసానికి స్థాయీభావం విస్మయమని చెప్పింది. లెక్క తేలిపోయాక విస్మయం ఎలా మిగులుతుంది? ఈ ప్రశ్న అడిగేవారిలో సాహిత్యం బాగా చదివినవారు ఎక్కువ. సమాధానం చెప్పేవారిలో ఆటలు, గణితం, ప్రోగ్రామింగ్ ఇష్టపడేవారు ఎక్కువ. వారి వాదనకు రచయితే దన్ను. మాయతో చిక్కుముడి విప్పే హక్కు రచయితకు ఎంత ఉంటుందనేది, ఆ మాయ పాఠకుడికి ఎంత అర్థమైందన్న దాన్ని బట్టి ఉంటుందని శాండర్సన్ 2007లో ఒక వ్యాసంలో సూత్రీకరించారు. ముందుగా నియమం చెప్పకుండా, ఆపద వచ్చినప్పుడు మంత్రదండం తిప్పి గట్టెక్కించడం పాఠకుడిని మోసం చేయడమని దాని సారాంశం. ఆ మాటలో న్యాయం ఉంది.

కానీ నియమం ఉంటే విస్మయం ఉండదు అనే మాట తెలుగు నేల మీద నిలవదు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల వారికైతే అది మరీ వింతగా వినిపించాలి. నెల్లూరు పక్కన నరసింహకొండ, రాపూరు వైపు పెంచలకోన, కందుకూరు వైపు మాలకొండ, సముద్రానికి దగ్గరగా సింగరాయకొండ. ఇన్ని నరసింహ క్షేత్రాల మధ్య పెరిగినవారికి హిరణ్యకశిపుడి వరం కథ ఒకరు చెప్పనక్కర్లేదు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. మనిషి చేత కాదు, మృగం చేత కాదు. ఇంతకంటే బిగువైన నియమావళి ఏ ఫ్యాంటసీలో ఉంది? వినేవాడికి ప్రతి షరతూ ముందే తెలుసు. తెలిసి కూడా సంధ్యవేళ గడప మీద ఆ రూపం కనిపించగానే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఈ కథను ‘నృసింహపురాణం’గా తెనిగించిన ఎఱ్ఱాప్రగడ అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి, అంటే ఈ ప్రాంతపు మనిషే.

ఆ ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలోనే యక్షప్రశ్నల ఘట్టం కూడా ఉంది. కొలను నీళ్లు తాగాలంటే ముందు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అదే నియమం. అశరీరవాణి దాన్ని దాచిపెట్టదు, ఎవరు వచ్చినా బాహాటంగా చెప్తుంది. నలుగురు తమ్ముళ్లు వినకుండా తాగి పడిపోతారు. ధర్మరాజు ఆగి జవాబులు చెప్తాడు. ఇంతవరకూ అది ఒక ఒప్పందం. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఒక్కడినే బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకోమంటాడు యక్షుడు. భీముడినో అర్జునుడినో అడక్కుండా నకులుడిని అడుగుతాడు ధర్మరాజు. కుంతికి తాను మిగిలి ఉన్నాడు, మాద్రికి కూడా ఒక కొడుకు మిగలాలి కదా. ఒక్కడే అన్న షరతు లేకపోతే ఈ మాట పుట్టేది కాదు. నియమం ఆ మనిషిని ఒక ఇరుకులోకి నెట్టింది, ఆ ఇరుకులో అతనేమిటో బయటపడింది.

చందమామ చదివిన తరాలకు బేతాళుడి షరతు కూడా ఇలాంటిదే. జవాబు తెలిసి చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుంది, చెప్తే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇందులో అర్థం కానిది ఏదీ లేదు. అర్థమైంది కాబట్టే ప్రతిసారీ విక్రమార్కుడి మీద జాలి పుడుతుంది.

కనుక ‘వార్‌బ్రేకర్’ గురించి అడగవలసిన ప్రశ్న నియమాలు ఎన్ని ఉన్నాయని కాదు. ఆ నియమం ఏ అధ్యాయంలో ఎవరిని ఇరుకున పెట్టింది, ఏ అధ్యాయంలో ఎవరినీ పెట్టకుండా ఉత్త వివరణగా మిగిలిపోయిందన్నదే ప్రశ్న. ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే పాఠకుల మెప్పు, విసుగు ఆశ్చర్యపడేంత స్పష్టంగా విడిపోతాయి.

ముందు మెప్పు సంగతి. ఈ లోకంలో ఏదైనా గొప్ప పని చేసి చనిపోయినవారిలో కొందరు తిరిగి లేస్తారు. పాత జ్ఞాపకాలు ఉండవు, దేహం మాత్రం దివ్యంగా ఉంటుంది. హాలండ్రెన్‌లో వారిని దేవుళ్లుగా కొలుస్తారు, మేడలు కట్టిస్తారు, పూజారులను నియమిస్తారు. అయితే ఆ దేవుడు బతికి ఉండాలంటే వారానికి ఒక ఊపిరి కావాలి. ఎవరో ఒకరు ఇవ్వాలి. లైట్‌సాంగ్ అనే దేవుడి ముందుకు ఆ వారం ఒక చిన్నబిడ్డను తీసుకొస్తారు. బిడ్డ నేర్పించిన మాటలు పలుకుతుంది, ఊపిరి అతనిలోకి పోతుంది, ఆ కళ్లలో మెరుపు ఆరిపోతుంది. కుటుంబానికి సొమ్ము ముడుతుంది. తాను దేవుడినని తనకే నమ్మకం లేని లైట్‌సాంగ్ ఆ బిడ్డను చూస్తూ కూర్చుంటాడు.

నవలను ఇష్టపడినవారైనా పడనివారైనా ఈ సన్నివేశాన్ని మాత్రం మరిచిపోరు. ఇక్కడ నియమం మూడే ముక్కలు: ఒక ఊపిరి, ఒక వారం, ఒక బిడ్డ. యాభై వేల లెక్క చేయలేని పని ఈ ఒక్కటి చేస్తుంది.

నవల చాలాసార్లు ఒక మాట గుర్తుచేస్తుంది. ఊపిరిని ఎవరూ బలవంతంగా తీసుకోలేరు, ఇచ్చేవాడు ఒప్పుకుని ఇవ్వాలి. పైకి ఇది చాలా న్యాయమైన నియమం. కనిగిరి, మార్కాపురం వైపు వానలు లేని ఏళ్లలో ఇంటికి తాళం వేసి బెంగళూరుకో హైదరాబాదుకో కూలికి వెళ్లిన కుటుంబాలను చూసినవారు ఈ నియమాన్ని వేరే విధంగా చదువుతారు. వారిని కూడా ఎవరూ మెడపట్టి గెంటలేదు. ఒప్పుకునే వెళ్లారు. భూగర్భ జలంలో ఫ్లోరైడు, పైన మేఘం లేని ఆకాశం, మధ్యలో అప్పు. ఈ మూడింటి నడుమ ఒప్పుకోవడం అనే మాటకు ఎంత బరువు ఉంటుందో ఆ ప్రాంతం వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? హాలండ్రెన్ రాజధాని నగరంలో ఊపిరి అమ్ముకున్న పేదవాళ్లు అలాంటి ఒప్పుదలతోనే అమ్ముకున్నారు. నవలలో పొరుగు రాజ్యమైన ఇడ్రిస్ నుంచి వలస వచ్చి నగరపు మురికివాడల్లో బతికేవాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడు ఈ పోలిక ఇంకా దగ్గరవుతుంది.

పెంచలకోనలో తలనీలాలు ఇచ్చి వచ్చిన మనిషికి జుట్టు మళ్లీ మొలుస్తుంది. ఇచ్చిన ఊపిరి మొలవదు. ఇంకొకరి ఊపిరి తీసుకుంటే తప్ప ఆ లోటు తీరదు, అంటే లోటు మరొక మనిషికి బదిలీ కావాలి. ఈ వ్యవస్థలో ఊపిరి కొత్తగా పుట్టేది పసిపిల్లలతోనే. అందుకే నవలలో సంపద అన్నప్పుడల్లా వెనుక ఎక్కడో ఒక ఉయ్యాల కనిపిస్తుంది. మ్యాజిక్ సిస్టమ్ అని ఈ తరం పాఠకులు పిలిచే దానిలో ఇంత నైతిక భారం మోసేది అరుదు. నవల గొప్పదనం అంటూ ఉంటే అది ఇక్కడే ఉంది.

వింత అన్న మాట గురించి కూడా కొంత చెప్పుకోవాలి. పాశ్చాత్య పాఠకులు ఈ మాయను చాలా అపూర్వమైనదిగా చూశారు. తెలుగువారికి అందులో సగం ఇంటి సరుకే. రాతి విగ్రహంలోకి ప్రాణాన్ని ఆవాహన చేయడానికి మనకు ప్రాణప్రతిష్ఠ అనే మాట ఉంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది. ఊపిరి పోయడం, ఊపిరి నిలబెట్టడం, ప్రాణం పెట్టడం మన నిత్యవ్యవహారంలోని పలుకుబడులు. ప్రాణం ఒంట్లో నుంచి బయటకు వెళ్లగలదని, వేరే చోట దాగగలదని ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కొత్తదల్లా దానికి సంతలో ధర పలకడమే. కనుక మాయలోని వింత కోసం చదివిన తెలుగు పాఠకుడు కొంత నిరాశపడతాడు, ధర కోసం చదివినవాడు కదిలిపోతాడు. ఒకే ఊళ్లో ఇద్దరు స్నేహితులు ఈ నవల గురించి పొసగకుండా మాట్లాడుకోవడానికి ఇదొక కారణం.

రంగుల విషయం ఇంకొకటి. ఇడ్రిస్ వాళ్లు రంగులను పాపంగా చూస్తారు, వెలిసిన బట్టలే కడతారు. రంగు లేని చోట మేల్కొలుపు సాగదు గనుక అందులో మతంతో పాటు ఆత్మరక్షణ కూడా ఉందని పాఠకుడికి నెమ్మదిగా తెలుస్తుంది. ఈ మెలికను చాలామంది దాటుకుంటూ వెళ్లిపోతారు. వెంకటగిరి నేత చీర అంచులో జరీ పక్కన ఎర్రదనం ఎలా నిలుస్తుందో చూసినవారు, ఒక రంగు తేలడానికి ఎంత చాకిరీ ఉంటుందో ఎరిగినవారు దాటలేరు. ఒక్క ఆజ్ఞతో ఆ రంగంతా పీల్చుకుపోయి బట్ట బూడిదగా మారిపోయే దృశ్యం వారికి యుద్ధం కంటే ఎక్కువ నష్టంగా కనిపించవచ్చు. రచయిత ఆ నష్టాన్ని ఎక్కువసార్లు అవసరంగానే చూపి వదిలేశారు. ఆ రంగు అద్దినవాడు, ఆ బట్ట నేసినవాడు నవలలో ఎక్కడా కనిపించరు. ఇది చిన్న లోపం కాదు. ఊపిరి అమ్ముకున్నవాడి ముఖం చూపించిన రచయిత, రంగు అమ్మినవాడి ముఖం చూపించి ఉంటే ఈ వ్యవస్థ రెండు కాళ్ల మీదా నిలబడేది.

ఇక విసుగు పుట్టించే చోట్లు. కథలో ఇడ్రిస్ రాజ్యపు రాకుమార్తెలు ఇద్దరు ఉన్నారు. పెద్దది వివెన్నా, దేవరాజుకు భార్యగా వెళ్లడానికి చిన్నప్పటి నుంచీ తర్ఫీదు పొందింది. చివరి క్షణంలో తండ్రి ఆమెను ఆపి, ఏ తర్ఫీదూ లేని చిన్న కూతురు సిరిని పంపిస్తాడు. అక్క చెల్లెలిని కాపాడాలని రహస్యంగా నగరానికి వస్తుంది. సిరి అధ్యాయాలు అంతఃపురంలో చాలాకాలం ఒకే చోట తిరుగుతాయి. వివెన్నా అధ్యాయాల్లో కిరాయి సైనికులు ఆమెకు ఊపిరుల గురించి పాఠాలు చెప్తారు. ఇవే చాలామంది పుస్తకం మూసేసిన పేజీలు. పాఠం వినేవాళ్లకు ఆ పాఠంతో ఆ క్షణంలో ఏ ఆపదా తీరదు, ఏ ఆపదా రాదు. రచయిత తర్వాత అవసరమవుతుందని ముందే గాదె నింపుకుంటున్నారు. ఆయన సూత్రం ప్రకారం అది నిజాయతీయే. చదివేవారికి మాత్రం గింజలు కొలుస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.

అదే వివెన్నా కొన్ని అధ్యాయాల తర్వాత తన దగ్గరున్న ఊపిరులన్నీ ఒక శాలువాలోకి పంపేసి, ఎవరి కంటా పడకుండా వీధుల్లో దాక్కోవలసి వస్తుంది. ఊపిరి లేని మనిషి ఎలా ఉంటాడో అప్పటిదాకా ఆమెకు పాఠంగా తెలుసు, ఇప్పుడు ఒంటికి తెలుస్తుంది. జ్వరం, ఆకలి, మురికి, ముష్టి. రంగు లేని లోకం. ఆమెను మొదటి నుంచీ అహంకారి, అమాయకురాలు అని తిట్టుకున్న పాఠకులు కూడా ఈ భాగం దగ్గర మెత్తబడతారు. నియమం మారలేదు. అంతకుముందు చెప్పిన లెక్కే ఇది. మారిందల్లా ఆ లెక్క ఎవరి ఒంటిమీద జరిగిందనేదే.

లైట్‌సాంగ్ హాస్యం మీద వచ్చే భిన్నాభిప్రాయాలకు కారణం వేరు, దాన్ని మాయతో కలపకూడదు. అతను ప్రతి మాటకూ ఎదురుమాట విసిరే మనిషి. ఆ సంభాషణల బలం ఇంగ్లీషు మాటల మెలికల్లో, శ్లేషలో ఉంది. ఇంగ్లీషును చదువుకోసం నేర్చుకున్నవారికి కథ అర్థమవుతుంది, కథనం అర్థమవుతుంది, శ్లేష మాత్రం ఒక క్షణం ఆలస్యంగా అందుతుంది. ఆలస్యంగా అందిన హాస్యం హాస్యం కాదు. లైట్‌సాంగ్ విసిగించాడని చెప్పే తెలుగు పాఠకులు తమ గ్రహింపును అనుమానించుకోవలసిన పనిలేదు. నెల్లూరు పెద్దమనిషి ఎత్తిపొడుపును ఇంగ్లీషులోకి మార్చి చూస్తే ఆ నష్టం ఎంతో తెలుస్తుంది.

భాష సంగతి వచ్చింది గనుక, ఈ మాయలో తెలుగువారు ప్రత్యేకంగా ఆగి చూడదగ్గ నియమం ఒకటుంది. ఆజ్ఞను మేల్కొల్పేవాడు తన మాతృభాషలోనే పలకాలి. నేర్చుకున్న భాషలో ఎంత చక్కగా పలికినా వస్తువు కదలదు. నవల దీన్ని పెద్దగా సాగదీయదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి అదొక సాంకేతిక వివరం. బడి మెట్లెక్కిన నాటి నుంచి ఒక భాషలో కలలు కని, ఇంకొక భాషలో పరీక్ష రాసే పిల్లలకు అది సాంకేతిక వివరం కాదు. ఈ పుస్తకాన్ని వారు చదువుతున్నది కూడా ఆ రెండో భాషలోనే.

ఆ నియమంతో కలిపి చూస్తేనే దేవరాజు సుసెబ్రాన్ పాత్ర పూర్తిగా అర్థమవుతుంది. యాభై వేల ఊపిరులున్న మనిషి. అడుగుపెట్టిన చోట తెల్లబట్ట కూడా ఇంద్రధనుస్సులా విరిసేంత తేజస్సు. సిరి భయంతో వణుకుతూ అతని గదిలోకి వెళ్తుంది, రోజుల తరబడి అతను ఒక్క మాటా మాట్లాడడు. తర్వాత తెలుస్తుంది, అతనికి నాలుక లేదు. ఆజ్ఞ పలకలేకుండా పూజారులు చిన్నతనంలోనే తీసేశారు. అంత సంపద, పలకడానికి ఒక్క మాట లేదు. సిరి అతనికి అక్షరాలు నేర్పుతుంది. అంతఃపురపు అధ్యాయాలు కదలవని ఫిర్యాదు చేసేవారు కూడా ఈ మలుపు దగ్గర లేచి కూర్చుంటారు. మళ్లీ అదే సంగతి: పలికితేనే పని జరుగుతుందనే పాత నియమం ఇక్కడ ఒక మనిషి గొంతు నొక్కింది.

నైట్‌బ్లడ్ అనే కత్తిని గురించి ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు, అందరికీ ఇష్టమే. ఉక్కుతో చేసిన కత్తిలోకి వేయి ఊపిరులు పోసి, చెడును నాశనం చేయమని ఆజ్ఞ ఇచ్చారు. కత్తికి ప్రాణం వచ్చింది, మాట వచ్చింది, ఉత్సాహం వచ్చింది. చెడు అంటే ఏమిటో మాత్రం తెలియదు. ఉక్కుకు ఎలా తెలుస్తుంది? చిన్నపిల్లవాడి గొంతుతో మాట్లాడుతూ, తనను ఒరలోంచి తీయమని బతిమాలే ఆ ఆయుధం గురించి నవల ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు. మాట ఇవ్వడం తేలిక, మాటకు అర్థం ఇవ్వడం కష్టమని వేరే చెప్పకుండానే తెలుస్తుంది.

ముగింపు మీద వచ్చే విమర్శ కొంత న్యాయం, కొంత తొందరపాటు. కథను చెడగొట్టకుండా చెప్పాలంటే, చివరి ఆపదను తీర్చే సాధనం మొదటి అధ్యాయాల నుంచీ నగరం నడివీధుల్లో అందరి కళ్లముందే ఉంటుంది. ఆ మేరకు రచయిత తన సూత్రానికి కట్టుబడ్డారు. కానీ ఆ సాధనాన్ని కదిలించే మాట ఒకే ఒక్క పాత్రకు తెలుసు, ఆ పాత్ర గతం పాఠకుడికి తెలిసేది దాదాపు చివర్లోనే. హిరణ్యకశిపుడి కథలో సంధ్యవేళ అందరికీ తెలిసిన వేళే, గడప అందరికీ తెలిసిన గడపే. వినేవాడు తలుచుకుంటే తానే ఆ సందు కనిపెట్టగలడు. ఇక్కడ పాఠకుడు ఎంత తలుచుకున్నా కనిపెట్టలేడు. నియమాలను ఇంత శ్రద్ధగా నేర్పించిన పుస్తకం చివరి లెక్కను పాఠకుడి చేతికివ్వకుండా తానే చేసి చూపించింది. అందుకే నవలలోని లెక్కలను ఎక్కువగా ఇష్టపడినవారే ముగింపుతో ఎక్కువగా నొచ్చుకున్నారు. ఆ లెక్కలను పట్టించుకోనివారికి ముగింపులో మిగిలేది లైట్‌సాంగ్ చేసిన పని, అది వారికి సరిపోతుంది.

నియమమూ విస్మయమూ ఒకే చోట ఉండగలవా అన్న సందేహం ఇంకా మిగిలినవారు మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర నిలబడి చూడవచ్చు. బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు రాష్ట్రాలు దాటి జనం వస్తారు. అక్కడి పద్ధతి ఎవరినడిగినా ఒక్క ముక్కలో చెప్తారు. కోరిక ఉన్నవారు, ఆ కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె. కోరిక తీరాక మళ్లీ వచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. భక్తుల విశ్వాసాన్ని కాల్పనిక కథలోని మాయతో సమానం చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు, అలా చేయకూడదు కూడా. గమనించవలసింది ఆ పద్ధతిలోని స్పష్టత. ఎవరు ఇవ్వాలి, ఎవరు తీసుకోవాలి, తీసుకున్నవారి మీద ఏ బాధ్యత ఉంటుంది అన్నీ తేటతెల్లం. అయినా మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, మతం అడగకుండా, ముక్కూముఖం తెలియని మనిషి చేతి నుంచి రొట్టె అందుకునే తల్లి ముఖంలో కనిపించేది లెక్క కాదు.

హాలండ్రెన్ ఊపిరికీ ఈ రొట్టెకూ ఒక పెద్ద తేడా ఉంది. రొట్టె ఇచ్చినవాడికి లోటు లేదు, వాడి కోరిక అప్పటికే తీరింది. ఊపిరి ఇచ్చినవాడికి జీవితాంతం లోటే. శాండర్సన్ నవల ఈ లోటును కొన్ని చోట్ల కళ్లకు కట్టింది, ఎక్కువ చోట్ల అంకెల వెనుక పెట్టింది. వివెన్నా తన ఊపిరులు తిరిగి పొందుతుంది, సిరికి తోడు దొరుకుతుంది, దేవుళ్ల రాజకీయం ఒక కొలిక్కి వస్తుంది. ఊపిరి అమ్ముకుని ఆ నగరంలో మిగిలిపోయినవారిలో ఒక్కరితో కూడా నవల చివరి దాకా నడవదు.

లైట్‌సాంగ్ ముందు నిలబడి మాటలు అప్పజెప్పిన ఆ బిడ్డను కూడా గది బయటకు తీసుకెళ్లిపోతారు. సొమ్ముతో ఇల్లు చేరాక ఆ బిడ్డ ఏం చూసి ఉంటుంది? గుమ్మానికి కట్టిన పూలు, అమ్మ కట్టుకున్న బట్ట, పొయ్యిలో మంట, వీటిలో ఏ రంగు ఎంత మిగిలింది? నవలను మెచ్చుకున్నవారూ, విసుక్కున్నవారూ తమ అభిప్రాయం చెప్పడం పూర్తయ్యాక ఒకరినొకరు అడగవలసిన ప్రశ్న ఇది. పుస్తకంలో దానికి జవాబు లేదు.